నిరాకరణము పొందిన విద్యార్థి – మన కర్తవ్యము
(పశువైద్య కళాశాలా ప్రవేశమునుగూర్చి బేగంపేట వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమునుగూర్చి కొన్ని మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. వారికి నా కృతజ్ఞతాపూర్వక వందనములు. విద్యాభివృద్ధినిగూర్చిన యుపన్యాసములు మన సభలలో ప్రతివత్సరమును జరుగుచునే యున్నవి. ఉత్తీర్ణులైన విద్యార్థులకు పూలమాలలు వేయుచున్నాము, పతకముల నొసంగుచున్నాము, వారి ఛాయాచిత్రములను సంచికలో ప్రకటించుచున్నాము. ఇది సంతోషింపఁదగిన విషయమే. కాని సీటు దొరకని విద్యార్థినిగూర్చి యీ వేదికమీఁద నెవ్వరును మాటాడినట్లు నాకు జ్ఞాపకము లేదు. నేఁటి నా ప్రసంగము అట్టివారినిగూర్చియే. అందును పశువైద్య కళాశాలలో ప్రవేశము గోరి, పరీక్షకుల యెదుట ప్రశ్నలకు సమాధానములు చెప్పి, పిమ్మట నిరాకరణపత్రమును పొందినవారినిగూర్చి మాటాడఁదలఁచితిని. నేను పశువైద్యుఁడనై పనిచేసి విశ్రాంతి గైకొన్నవాఁడను గనుక నాకు తెలిసిన త్రోవనే యెన్నుకొంటిని.

సభ జరుగుచున్న యీ బేగంపేట యిట్టి ప్రసంగమునకు తగిన తావు. ఇచ్చటికి మిక్కిలి చేరువనున్న అమీరుపేటలో వీథివీథికిని శిక్షణాలయములు గలవు. తెలుఁగు జిల్లాలనుండి యువకులు వచ్చి, యిఱుకు గదులలో నలుగురైదుగురు గూడి వసించుచు, ఏదో యొక పరీక్షకు సిద్ధమగుచుందురు. 2008 మొదలు 2023 వఱకు అమెరికా కాన్సులేటు ఈ బేగంపేటలోని పైగా పాలెస్‌నందే యుండెను. ఆ కాలమున కాగితముల సంచులతో యువతీయువకు లచ్చట బారులు దీఱి నిలుచుటను ఈ పేటవా రెల్లరు నెఱుఁగుదురు. కొన్ని యేండ్ల శ్రమ కొన్ని నిమిషముల సంభాషణచేత నిర్ణయింపఁబడుట యననేమో ఇచ్చటివారికి వేఱుగా చెప్పవలసిన పని లేదు.

మొదట వాస్తవస్థితిని మనవి చేయుదును. మన ప్రాంతమున పశువైద్య విద్య క్రొత్తది కాదు. హైదరాబాదు పశువైద్య కళాశాల 1946లో స్థాపింపఁబడినది. అదియే నేఁడు రాజేంద్రనగరునం దున్నది. 1903లో నెలకొల్పఁబడిన మద్రాసు కళాశాల అంతకు పూర్వమే దక్షిణదేశమున నీ విద్యకు పీఠమై యుండెను. 2014లో తెలంగాణమునకు ప్రత్యేక పశువైద్య విశ్వవిద్యాలయ మేర్పడి, పి. వి. నరసింహారావుగారి పేర వెలయుచున్నది. రాజేంద్రనగరు, కోరుట్ల, మామునూరులందు దాని కళాశాలలు గలవు. వీనిలో ప్రవేశము ఎప్‌సెట్టు ర్యాంకునుబట్టి జరుగును. పరీక్షకుల యెదుట గూర్చుండి మాటాడవలసిన పని లేదు. కాని విదేశములలో పద్ధతి వేఱు. 1791లో స్థాపింపఁబడిన లండను రాయల్ వెటర్నరీ కళాశాలయు, బ్రిటను అమెరికాలలోని మఱి పెక్కు కళాశాలలును మార్కులతో తృప్తిపడక, విద్యార్థిని పిలిచి, మాటాడించి, పిమ్మట నిర్ణయించును. విదేశములకు పోఁగోరు మన పిల్లలకును, అచ్చట స్థిరపడిన మన సంఘీయుల పిల్లలకును ఈ ఇంటర్వ్యూ గండము తప్పదు.

మన సంఘీయులలో నొకరి కుమార్తె యిట్లే యొక విదేశ కళాశాలకు దరఖాస్తు పెట్టినది. పేర్లు చెప్పుట యుచితము గాదు. ఆమెకు మంచి మార్కులు వచ్చినవి. సెలవులలో తాతగారి యూరికి పోయి మందవెంట దిరిగినది. గొఱ్ఱెలు ఈనునపుడు ఒడుపుగా సాయపడుట నేర్చినది. కంప్యూటరు తెరమీఁద పరీక్షకులు ప్రశ్న లడిగిరి. ఆమె సమాధానములు చెప్పినది. కొన్ని వారములకు ఉత్తరము వచ్చెను. అభ్యర్థులు పెక్కురగుటచేత స్థాన మొసంగఁజాలమని అందు వ్రాసియుండెను. కారణ మేమియు లేదు. ఆ పిల్ల యుత్తరమును చదువుకొని యూరకుండినది. ఆమె కంట నీరు పెట్టినది మఱునాఁడు చుట్టములు వచ్చినపుడు. వారిలో నొకరు, “పశువుల డాక్టరుకు కూడా పనికి రాలేదా అమ్మా?” అని యడిగిరి. అడిగినవారికి ద్వేషము లేదు. అయినను ఆ ప్రశ్నలో రెండు పొరపాటు లిమిడియున్నవి. ఆ రెండింటిని విడఁదీసి చూపుటయే నా ప్రసంగము.

మొదటి పొరపాటు “కూడా” యను మాటలో నున్నది. పశువైద్యము మనుష్యవైద్యమునకు దిగువమెట్టు అను నభిప్రాయము మనలో నాటుకొనియున్నది. ఎంబీబీయస్సు సీటు రానివాఁడు మాత్రమే చేరు చదువని యనుకొందురు. 2019వ సంవత్సరపు పశుగణనలో తెలంగాణమునందు ఒక కోటి తొంబది లక్షలకు పైగా గొఱ్ఱెలు లెక్కకు వచ్చినవి. దేశమున నిదియే ప్రథమస్థానము. ఆంధ్రప్రదేశమునకు రెండవ స్థానము. ఒక వ్యాధి మందలో దూఱినచో ఒక కుటుంబపు సంవత్సరపు బ్రదుకు వారము దినములలో కొట్టుకొనిపోవును. శతాబ్దములు పశుసంపదను హరించిన రిండర్‌పెస్టు అను పశుమారి 2011లో ప్రపంచమునుండి నిర్మూలమైనట్లు ప్రకటింపఁబడినది. మశూచికము తరువాత భూమిమీఁద రూపుమాపఁబడిన యంటువ్యాధి యిదొక్కటియే. టీకా పెట్టెలను మోసికొని ఊరూర దిరిగిన పశువైద్యసిబ్బంది శ్రమ యందున్నది. రోగి నోరు విప్పి బాధ చెప్పుకొనఁజాలని వైద్యము సులభమని యెవ్వ రనఁగలరు?

ఈ బేగంపేటయే యందులకు మఱియొక సాక్ష్యము. 1897 ఆగస్టు 20వ తేదీని రొనాల్డు రాసు అను వైద్యుఁడు సికిందరాబాదునందు పనిచేయుచు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుఁగొనెను. ఆయన పేర బేగంపేటలో సంస్థ యున్నది. ఆ భవనమును చూడనివారు మీలో కొలఁది మంది. కాని ఆ క్రిమి యొక ప్రాణినుండి మఱియొక ప్రాణికి దోమచేత చేరు విధమును ఆయన పూర్తిగా నిరూపించినది మఱుసటి సంవత్సరము కలకత్తాలో, పక్షులమీఁద. 1902లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. మనుష్యుల జ్వరమునకు మూలము పక్షుల రక్తములో స్పష్టపడినది. ప్రాణులలో నెక్కువ తక్కువలు మన మాటలలోనే గాని రోగములలో లేవు. ఇంకొక విషయము. ఈ రాసుగారే యౌవనమున లండనులో అపోథికరీల సంఘమువారి వైద్యపరీక్షకు కూర్చుండి మొదటిసారి తప్పెను. రెండవ ప్రయత్నమున 1881లో ఉత్తీర్ణుఁడై, ఆ యేఁడే ఇండియా వైద్యశాఖలో చేరెను. ఆ రెండవ ప్రయత్నమే లేకున్న ఆయన బేగంపేటకు వచ్చియుండెడివాఁడే కాఁడు.

రెండవ పొరపాటు “పనికి రాలేదా” యను మాటలో నున్నది. ఇంటర్వ్యూలో సీటు రాకపోవుట యనఁగా విద్యార్థి యోగ్యతమీఁద తుదితీర్పు వెలువడినదని మనము భావించుచున్నాము. ఇంటర్వ్యూ విలువ యెంతయో మన దేశపు అత్యున్నత న్యాయస్థానమే విచారించినది. ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేయుదును.

1964లో చిత్రలేఖ వ్యాజ్యము విచారణకు వచ్చెను. మైసూరు రాష్ట్రమున ఇంజనీరింగు, వైద్య కళాశాలల ప్రవేశమునకు ఇంటర్వ్యూ మార్కులు కలుపుట న్యాయమా యనునది యందలి ప్రశ్నలలో నొకటి. అధికసంఖ్యాకుల తీర్పును వ్రాసినవారు మన రాజమహేంద్రవరమున జన్మించి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నధిష్ఠించిన కోకా సుబ్బారావుగారు. దుర్వినియోగము కావచ్చునన్న కారణమున ఇంటర్వ్యూ పద్ధతినే రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయఁజాలమని వారు తేల్చిరి. ఇది గ్రహింపవలసిన మాట. విద్యార్థిని కన్నులార చూచి మాటాడుటలో ప్రయోజనము లేకపోలేదు. ఆవును తాఁకుటకు జంకువాఁడు వ్రాఁతపరీక్షలో నెన్ని మార్కులు తెచ్చుకొన్నను పశుశాలలో నేమి చేయఁగలఁడు?

తరువాత 1980 నవంబరులో అజయ్ హసియా వ్యాజ్యమున ఐదుగురు న్యాయమూర్తుల పీఠము, భగవతిగారి చేతిమీఁదుగా, రెండవ పక్షమును వెలుఁగులోనికి తెచ్చెను. శ్రీనగరు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో వ్రాఁతపరీక్షకు 100 మార్కులును, ఇంటర్వ్యూకు 50 మార్కులును ఉండెను. ఇంటర్వ్యూ రెండు మూఁడు నిమిషములకు మించలేదనియు, తలిదండ్రు లెవరు, నివాసమెక్కడ అను ప్రశ్నలే యడిగిరనియు విద్యార్థులు మొఱపెట్టుకొనిరి. మొత్తములో మూఁడవ వంతు మార్కు లిట్టి పరీక్షకు కేటాయించుట నిరంకుశమని న్యాయస్థానము నిర్ణయించెను. నూటికి పదునైదు మార్కులకు మించి ఇంటర్వ్యూకు కేటాయింపరాదనియు, సంభాషణలను టేపుమీఁద భద్రపఱచుట మంచిదనియు చెప్పెను. అప్పటికే పదునెనిమిది నెలలు గడచినందున చేరినవారిని తొలఁగింపలేదు. కాని వ్రాఁతపరీక్షలో బాగుగ వచ్చియు ఇంటర్వ్యూచేత వెనుకఁబడిన యేఁబదిమంది ఉత్తములకు 1981–82 సంవత్సరమున అదనపు స్థానములతో ప్రవేశ మేర్పఱచెను. సభ్యులారా! ఈ తుదిమాటను మఱువకుఁడు. ఆ న్యాయస్థానము నిరాకరింపఁబడినవారికి మఱియొక యేఁటి యవకాశము చూపినది.

విదేశములలోని విద్యావేత్తలును ఈ లోపమును గుర్తించిరి. ఒక గదిలో నొక సంఘము ఒకసారి మాటాడి యిచ్చు తీర్పు, ఆనాఁటి వారి మనస్థితినిబట్టియు విద్యార్థి బెదురునుబట్టియు మారిపోవుచున్నదని కెనడాలోని మెక్‌మాస్టరు విశ్వవిద్యాలయమువారు వేఱొక పద్ధతిని కల్పించి 2004లో ప్రకటించిరి. దాని ప్రకారము విద్యార్థి యొక గదినుండి వేఱొక గదికి పోవుచు పలువురు పరీక్షకులను కొన్ని కొన్ని నిమిషములు కలిసికొనును. ఒకరి యెదుట తడఁబడినను మఱియొకరి యెదుట కోలుకొనవచ్చును. నేఁడు పెక్కు పశువైద్య కళాశాలలును ఈ మార్గమునే యవలంబించినవి. పద్ధతిని మార్చుకొనిన వారే యొక్క ఇంటర్వ్యూ తీర్పును నమ్మఁజాలమని యొప్పుకొనినట్లు గదా! వారే నమ్మనిదానిని మన చుట్టములు బ్రహ్మవ్రాఁతవలె నమ్మ నేల?

నిరాకరించినవారిదే తప్పైన సందర్భములును గలవు. ఐర్లండునందు జన్మించిన అలీన్ కస్టు అను నామె ఎడింబరోలోని పశువైద్య కళాశాలలో చదువు ముగించెను. 1897లో బ్రిటిషు పశువైద్యుల రాయల్ కళాశాలవారు, స్త్రీ యను కారణమున, ఆమెను పరీక్షకు కూర్చుండనీయలేదు. ఆమె ఐర్లండునకు మరలిపోయి, ఒక పశువైద్యునికి సహాయురాలై పల్లెలలో పనిచేయసాగెను. 1919లో చట్టము మారెను. 1922 డిసెంబరులో ఆమెకు పట్ట మీయఁబడెను. అప్పటి కామె వయస్సు ఏఁబది దాఁటినది. పట్టము లేని ఆ యిరువదియైదేండ్లును ఆమె యోగ్యురాలు గాకపోలేదు. యోగ్యతను చూచు కన్ను లేకుండెను.

ఇంత చెప్పుటచేత విద్యార్థులు తమ బాధ్యతను మఱతురేమో యని సంశయింపకుఁడు. నిరాకరణము పొందిన పిల్లలకు కొన్ని హితవులు చెప్పుచున్నాను.

మొదటిది: కారణము అడుగుఁడు. కొన్ని కళాశాలలు అడిగినవారికి తమ యభిప్రాయమును తెలుపును. వినయముతో వ్రాసిన యొక జాబువలన నష్టమేమియు లేదు.

రెండవది: చదువు చేతులలోనికి రానిండు. “పశువైద్యుఁడవు కానేల?” అను ప్రశ్నకు “నాకు కుక్కపిల్ల లన్న నిష్టము” అనునది చాలిన సమాధానము గాదు. మంద రోగమున పడినపుడు కాఁపరి యేమి నష్టపోవునో, వైద్యమునకు రుసుము చెల్లింపలేని రైతునకేమి చెప్పవలయునో, బ్రదుకదని తేలిన ప్రాణి బాధ నెట్లు ముగింపవలయునో పరీక్షకు లడుగుదురు. ఇవి పుస్తకములలో దొరకవు. పాలకేంద్రమునను, పశువుల ఆసుపత్రిలోను, మందవెంటను కొన్ని నెలలు గడపినవానికే దొరకును.

మూఁడవది: ఒకే ద్వారమును పట్టుకొని వ్రేలాడకుఁడు. విదేశ కళాశాల కాదన్నచో ఎప్‌సెట్టు ద్వారమున్నది. మన విశ్వవిద్యాలయమునందే కామారెడ్డిలో పాడి సాంకేతిక కళాశాలయు, పశుసంవర్ధక పాలిటెక్నికులలో రెండేండ్ల డిప్లొమా చదువును గలవు. వైద్యుఁడు గాకయే పశుసంపదకు మేలు చేయు పనులు పెక్కు గలవు.

నాలుగవది: విదేశమునకు పోవుటకు ముందే, అచ్చటి పట్టము 1984 నాఁటి భారత పశువైద్య మండలి చట్టము ననుసరించి గుర్తింపు పొందినదో కాదో విచారించుకొనుఁడు. పట్టము చేతఁబట్టుకొని వచ్చి స్వదేశమున వైద్యము చేయ వీలులేదని తెలిసికొనుట నిరాకరణముకంటె గొప్ప దుఃఖము.

ఇఁక మన సంఘపు కర్తవ్యము. దాతలు నన్ను క్షమింతురుగాక. మన విద్యానిధి సీటు దొరికినవారికే ధనసహాయము చేయుచున్నది. సీటు దొరకని యేఁడు విద్యార్థి పేరు పట్టికనుండి తొలఁగిపోవును. కలిగినవారి పిల్లలు తండ్రి డబ్బుతో రెండవసారి ప్రయత్నింతురు. లేనివారి పిల్లలు మొదటి నిరాకరణముతోనే ఏదో యొక దుకాణమునకో కార్యాలయమునకో చేరిపోవుదురు. అనఁగా నిరాకరణము ఇద్దఱికిని ఒక్కటే యైనను, దాని ఫలము ఇద్దఱికిని ఒక్కటి గాదు. ఆ భేదమును తొలఁగించుటకే గదా మన పూర్వులు సంఘమును స్థాపించినది!

కావున సభవారి యాలోచనకు మూఁడు విషయములను సమర్పించుచున్నాను. ఒకటి, పశువైద్యము మొదలగు వృత్తివిద్యల ప్రవేశమున మొదటిసారి విఫలుఁడైన యర్హ విద్యార్థికి విద్యానిధినుండి ఒక సంవత్సరము వసతియు భోజనమును కల్పించుట. ఆ సంవత్సర మాతఁడు ఏ పశువైద్యశాలలోనో మందలోనో పనిచేసి యోగ్యతాపత్రమును తెచ్చుట. రెండు, విద్యానిధి యుపసంఘము తాను జరుపు ఇంటర్వ్యూకు నూటికి పదునైదు మార్కులకు మించి కేటాయింపకుండుట. నీ వెవరి మనుమఁడవు, నీ యూరి పెద్ద యెవఁడు అను ప్రశ్నలను మానుట. కోర్టువారు కళాశాలకు తగదన్నది మనకు మాత్రము తగునా? మూఁడు, సహాయము నిరాకరించునపుడు కారణమును వ్రాఁతమూలముగా తెలుపుట. కారణములేని యుత్తర మెట్లుండునో మన పిల్లలు చవిచూచియే యున్నారు.

“ఒకసారి తప్పినవానికి మరల ధనము వెచ్చించుట దాతల సొమ్మునకు నష్టము కాదా?” యని కొంద ఱడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. పశువైద్య పట్టమునకు శిక్షణకాలముతో గూడ ఐదున్నర సంవత్సరములు పట్టును. అంతకాలము చదివించుటకు సిద్ధపడిన నిధికి మఱియొక్క యేఁడు బరువు కాదు. రెండవసారియు సీటు రాకపోయినను ఆ యేఁడు వ్యర్థము గాదు. మందలో నొక సంవత్సరము పనినేర్చిన యువకుఁడు ఊరికి పనికివచ్చును, తనకును పనికివచ్చును. నిజమైన నష్టము, చేతనైన పిల్ల యొక్క యుత్తరముచేత తన చేతులను మడిచికొని కూర్చుండుట.

సోదరులారా! సోదరీమణులారా! పై మూఁడు విషయములను ఈ సభ యేమి చేయునో నాకు తెలియదు. కాని సభ ముగిసి యిండ్లకు పోయినపుడు మీరు చేయఁగలిగిన పని యొకటి గలదు. దానికి తీర్మాన మక్కఱలేదు, చందా యక్కఱలేదు. మీ బంధువుల యింట సీటు రాని పిల్ల యుండినచో ఆమెను “ఏమైనది?” అని యడుగకుఁడు. “వచ్చే యేఁటికి మావలన కావలసిన సాయ మేమి?” అని యడుగుఁడు.